రెండు మబ్బులు, కొన్ని అట్టపెట్టెలు

మా ఆయన ప్రతి ఆదివారం రాయదుర్గం నుంచి వచ్చేటప్పుడు ఖాళీ అట్టపెట్టెలు తెచ్చేవాడు. ఆయన అక్కడ జీన్స్ కుట్టే ఒక యూనిట్‌లో కటింగ్ మాస్టర్. జిప్పులూ గుండీలూ వచ్చే పెట్టెలు మంచి గట్టివి. వాటిని మడిచి, పురికొసతో కట్టి, కళ్యాణదుర్గం మీదుగా వచ్చే బస్సులో సీటు కిందికి తోసి తెచ్చేవాడు. అవి నా ఫోటో స్టూడియో సామాను సర్దడానికి. ఇంట్లోకి రాగానే నా చేతికిచ్చి జాగ్రత్తగా పెట్టమనేవాడు. నేను తీసుకునేదాన్ని. జాగ్రత్తగా పెడతానని మాత్రం ఏనాడూ అనలేదు.

మాది బుక్కరాయసముద్రం. అనంతపురం బస్సులు ఆగే రోడ్డు నుంచి కాస్త లోపలికి వస్తే ముందు గది స్టూడియో, వెనక రెండు గదులు ఇల్లు. ఒకప్పుడు పెళ్లిళ్ల కాలంలో అన్నం తినడానికి కూడా తీరేది కాదు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. పెళ్లికి టౌను నుంచి డ్రోన్ వస్తుంది, పుట్టినరోజుకు మేనమామ ఫోన్ ఉంటుంది, ఓణీల పండగకు అక్కడికొచ్చిన ఆడపిల్లలందరూ ఫోటోగ్రాఫర్లే. నాకు మిగిలింది పాస్‌పోర్టు సైజు ఫోటోలూ, చనిపోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసి ఇవ్వడమూ. అవతలివాళ్లు కదలరు, అడ్డం తిరగరు, పనికి ఇబ్బంది లేదు. కానీ రోజంతా అదే చేస్తుంటే నాకే మనసు బాగుండేది కాదు.

అందుకని ఆయన ఒక మాట అన్నాడు. మృగశిర కార్తె వచ్చేలోపల స్టూడియో నిలబడే దారి కనబడితే సరే, లేకపోతే మూసేసి అందరం రాయదుర్గం పోదాం. అన్యాయంగా ఏమీ అనలేదు. అక్కడ ఒక్క గదిలో ఉంటూ మెస్సులో తింటున్నాడు. ఆ సాంబారులో వంకాయ ముక్క ఎదురైతే ఆ రోజు పండగేనట. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఆయన ఇంట్లో లేకపోతే నాకూ ఏమీ తోచేది కాదు. అయినా స్టూడియో మూసేయడానికి మనసొప్పేది కాదు. నాకు ఈ ప్రపంచంలో బాగా వచ్చిన పని అదొక్కటే.

ఆ గదికి ఒక గొప్ప గుణం ఉంది. దాని షట్టర్ ఉత్తరం వైపు. ఎండ నేరుగా లోపలికి రాదు, వెలుతురు మాత్రం వస్తుంది. ఆ ఇనుప షట్టర్ నడుము దాకా ఎత్తితే ఒక రకం, గుండెల దాకా ఎత్తితే ఇంకో రకం, పూర్తిగా ఎత్తితే మరో రకం. ఎంత వెలుతురు కావాలంటే అంత, చేత్తో పట్టి తెచ్చుకోవచ్చు. రాయదుర్గం గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనిపిస్తుంది.

దారి కోసం వెతుక్కుంటున్న రోజుల్లోనే, పెళ్లి వీడియోలు కూర్చే ఒకాయన ద్వారా సంగతి తెలిసింది. విజయవాడలో ఆన్‌లైన్ తరగతులు నడిపే ఒక సంస్థవాళ్లు తెలుగులో ఫోటోలు తీయడం నేర్పే మనిషి కోసం చూస్తున్నారట. మాట్లాడాను. ముందు ఒక బ్యాచ్‌కు పాఠాలు చేసి చూడమన్నారు. సగం మంది మా సీమవాళ్లు, సగం మంది కోస్తావాళ్లు. అందరూ ఫోన్ కెమెరాతో మొదలుపెట్టేవాళ్లే. వారానికొక పాఠం వీడియో తీసి పంపాలి, చివర్లో ఇంటిపని ఇవ్వాలి, వాళ్లు తీసిన ఫోటోలు చూసి తప్పొప్పులు చెప్పాలి. బ్యాచ్ అయిపోయాక పాఠాలు అర్థమయ్యాయా లేదా అని వాళ్లనే అడుగుతారు. అయ్యాయంటే తరగతి నాది. లేదంటే వేరేవాళ్లకు పోతుంది.

అక్కడ మా పాఠాలు చూసుకునే అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె మొహం నేను ఇప్పటికీ చూడలేదు, గొంతే తెలుసు. ఎంతో మర్యాదగా మాట్లాడేది. ప్రతి ఫోనులోనూ ఒకటే మాట, క్లియర్‌గా ఉండాలండీ అని. బొమ్మ క్లియర్‌గా, గొంతు క్లియర్‌గా, చెప్పే విషయం క్లియర్‌గా.

బొమ్మ సంగతి నాకు తెలుసు. గొంతు దగ్గరే అవస్థ మొదలైంది. కెమెరా మీటలు చూపించాలంటే పైనుంచి తీయాలి. బట్టలారేసే కర్రను రెండు స్టూళ్ల మధ్య అడ్డంగా కట్టి, దానికి ఫోన్ వేలాడదీసి, కింద బల్ల మీద చేతులు పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. చూసుకుంటే మాట వినబడటం లేదు, గాజులు వినబడుతున్నాయి. తీసి పక్కన పెట్టబోతే మా అత్త ఊరుకోలేదు. చేతులు బోసిగా పెట్టుకుని ఊరందరికీ చూపిస్తావా అని తగులుకుంది. చివరికి గాజులు మోచేతి దాకా ఎగదోసి, చేతిరుమాలు చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేశాను. గాజుల గొడవ తీరిందనుకుంటే కుక్కర్ కూసింది. కుక్కర్ ఆగితే, పాత ఇనుముకు ఉల్లిగడ్డలిస్తామని మైకు పెట్టుకుని ఆటో వచ్చింది. ఆ ఆటోవాడు మా సందు దగ్గరికి రాగానే వేగం తగ్గించేవాడు. నా మీద పగేమైనా ఉందా అని ఒక రోజు బయటికి పోయి అడిగాను. లేదు గాని పాత ట్రైపాడ్ ఏదైనా ఉందా అక్కా అన్నాడు.

అత్త గురించి చెప్పాలి. నా పాఠాలన్నిటిలోనూ ముఖం ఆమెదే. వేరే మనిషిని ఎక్కణ్నుంచి తెస్తాను? ముఖం నిండా మంచి గీతలు, ముక్కుకు రాళ్ల ముక్కుపుడక, వెలుతురు ఎటు పక్క నుంచి పడినా ఏదో ఒకటి చెప్పే ముఖం. నోరు మాత్రం నిలవదు. మొదటి పాఠంలో నేను పుస్తకంలో మాదిరి తెలుగు పట్టుకొచ్చి, ఇప్పుడు మనం వెలుతురు యొక్క దిశను పరిశీలిద్దాం అని మొదలుపెట్టగానే కుర్చీలోంచి నా వైపు అదోలా చూసింది.

"ఏమ్మే, రేడియోలో మాదిరి మాట్లాడతాండావు, ఒంట్లో బాగుండాదా?"

ఆ ముక్క కత్తిరించేశాను. ఇప్పుడు ఉంచాల్సిందనిపిస్తుంది.

షట్టర్ పాఠం రోజు ఇంకా బాగా జరిగింది. కెమెరా లోపల షట్టర్ ఎలా తెరుచుకుని మూసుకుంటుందో చెబుతున్నాను. ఇప్పుడు షట్టర్ మూసుకుంటుంది అన్నానో లేదో, గుమ్మం దగ్గర నిలబడి ఉన్న అత్త స్టూడియో షట్టర్‌ను దడాలున కిందికి లాగేసింది. గది మొత్తం చీకటి. అరవబోయి ఆగాను. రికార్డింగ్‌లో చూస్తే అంతకన్నా బాగా ఎవరూ చూపించలేరనిపించింది. తెరిచినంతసేపు వెలుతురు వచ్చింది, మూయగానే ఆగిపోయింది. దాన్ని అలాగే పంపితే విజయవాడ అమ్మాయి నవ్వి నవ్వి, ఇది చాలా క్లియర్‌గా ఉందండీ అంది.

అప్పటి నుంచి ఇంట్లో వస్తువులతోనే చెప్పాలని పట్టుదల పుట్టింది. వెలుతురు ఎంత వస్తుందో, ఎంతసేపు వస్తుందో చెప్పడానికి బిందెలు తీసుకున్నాను. లావు పైపుతో పడితే బిందె తొందరగా నిండుతుంది, సన్న పైపుతో పడితే ఆలస్యమవుతుంది, రెండిట్లోనూ నిండేది అదే బిందె. బాగా కనిపించాలని స్టూడియో ముందు బిందెలు వరసగా పెట్టి, పైపులు పరిచి, లోపలికి కెమెరా కోసం వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నా బిందెల వెనక వీధిలో వాళ్ల బిందెలన్నీ బారులు తీరి ఉన్నాయి. ట్యాంకర్ వస్తోందని ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. బిందెలు కనబడ్డాయి, వాళ్ల బిందెలు తెచ్చారు, అంతే. ట్యాంకర్ రాదు, ఇది ఫోటోల పాఠం అని చెబితే ఒకామె నడుం మీద చేయి పెట్టుకుని, నీళ్లు లేకుండా బిందెలతో పాఠమేంది, మాకు తెలియకుండా పట్టుకోవాలని చూస్తాండావా అని నిలదీసింది. నాకు కోపం వచ్చి నాలుగు మాటలు అన్నాను, ఆమె ఐదు అంది. చివరికి అందరి ఎదుటా నా ఇంటి నీళ్లే పోసి పాఠం తీశాను. వెనకాల ఆ బిందెల వరస కూడా పడింది. కోస్తా విద్యార్థులు చాలామంది దాని గురించే అడిగారు. సీమవాళ్లు ఎవరూ అడగలేదు.

ఈ పాఠాల మధ్యలోనే అట్టపెట్టెల మీద నా చేయి పడింది. మా ఊరి ఎండలో మనిషిని నిలబెడితే కళ్ల కింద బొగ్గు పూసినట్టు నీడ పడుతుంది. ఆ నీడలోకి కాస్త వెలుతురు తిప్పి కొట్టడానికి తెల్లటి పలక కావాలి. కొనుక్కోకుండా చేసుకునే దారి చెబితే విద్యార్థులకు మేలు కదా అని ఒక పెట్టె కోసి, దానికి వంటింటి వెండికాగితం అంటించాను. మరుసటి వారం వెలుతురుకు అడ్డం పెట్టడానికి ఇంకో పెట్టెకు నల్లరంగు వేశాను. ఆ తర్వాత ఫోన్ నిలబెట్టే స్టాండుకు ఒకటి, నున్నటి వెనకతెరకు ఒకటి. ప్రతి ఆదివారం ఆయన పెట్టెలు ఇచ్చి సోమవారం మబ్బుతోనే లేచి బస్సుకు వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నానికల్లా నేను కత్తెర తీసేదాన్ని. అత్త చూసేది, ఏమీ అనేది కాదు. ఒక రోజు మాత్రం కొడుకు వచ్చే వేళకు కోసిన ముక్కలన్నీ తన మంచం కిందికి తోసి దుప్పటి కిందికి లాగింది. ఆమె ఎటు పక్కో నాకు ఆ రోజు తెలిసింది.

ఇక అసలు పాఠం. ముఖాలకు ఎండ పనికిరాదు, మెత్తటి వెలుతురు కావాలి. ఆకాశం నిండా మేఘం కమ్మితే అలాంటి వెలుతురు ఊరికే దొరుకుతుంది. మా వైపు దాన్ని మోడం అంటాం. మోడం పట్టింది అంటే మేఘం కమ్మిందని. నేను అప్పటికి పుస్తకం భాష కొంచెం వదిలేశాను కాబట్టి వీడియోలో ధైర్యంగా, మోడం పట్టినప్పుడు ఒక మనిషిని బయట నిలబెట్టి ఫోటో తీసి పంపండి అన్నాను. సాయంత్రం విజయవాడ అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, ఇంటిపని అర్థం కాలేదండీ. మోడెమ్ పట్టుకుని మనిషి ఎందుకు నిలబడాలి?"

ఇంటర్నెట్ పెట్టె అనుకుంది పాపం. వైఫై సంగతైతే వేరే వీడియో చేద్దామండీ అని కూడా అంది. నాకు నవ్వాగలేదు. సంగతి చెబితే ఆమె కూడా నవ్వి, అయితే మబ్బు అనండి మేడమ్, అందరికీ తెలిసిన మాటే కదా అంది. నిజమే అనిపించింది. పుస్తకాల్లో, టీవీలో మేఘాన్ని మబ్బనే అంటారు. వీడియోలో మోడం అన్న చోటల్లా గొంతు మళ్లీ రికార్డు చేసి మబ్బు అని అతికించాను. మబ్బులో ఒక మనిషి ముఖం తీసి పంపండి. వినడానికి శుభ్రంగా ఉంది.

ఒక్క విషయం నా బుర్రకు తట్టలేదు. మా వైపు మబ్బంటే మేఘం కాదు. తెల్లవారకముందు ఉండే చీకటి. ప్రతి ఆదివారం పడుకోబోయే ముందు, మబ్బుతోనే లేయాల, అలారం పెట్టు అని మా ఆయనకు చెప్పేది నేనే. నోట్లో రోజూ ఉన్న మాట, ఆ పూట గుర్తు రాలేదు.

ఇంటిపని ఫోటోలు వచ్చాయి. కోస్తావాళ్లవి ముచ్చటగా ఉన్నాయి. మేఘాల కింద అక్కలు, తాతలు, ఒక ఆవు. సీమవాళ్లవి తెరిస్తే నలుపు. ఒకదాంట్లో రెండు కళ్లు, ఒకదాంట్లో పళ్లు, ఒకదాంట్లో టార్చి వెలుగుకు అదిరిపడ్డ ముసలాయన. నా ఫోన్ పాడైందనుకున్నాను. అత్త కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్కటీ చూసింది.

"వీళ్లేంది మే, దొంగతనానికి పోయినట్లుండారు."

కుందుర్పి దగ్గర నుంచి చేరిన ఒక అమ్మాయి ఫోటోతో పాటు మాట కూడా పంపింది. గొంతులో ఏడుపు తక్కువ, కోపం ఎక్కువ.

"మేడమ్, మీరు చెప్పినట్లే మబ్బుతో లేసి మా అమ్మను వాకిట్లో నిలబెట్టినా. ఏమీ అగపడల్యా. మా అమ్మ తిట్టింది. మీరు మంచి వెలుతురు అంటిరి, ఆడ వెలుతురే లేదు కదా మేడమ్."

అప్పుడు వెలిగింది నాకు. తల పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు విజయవాడ నుంచి ఫోన్. ఆ అమ్మాయి గొంతు ఇబ్బందిగా ఉంది. సగం బ్యాచ్ ఈ పాఠం అర్థం కాలేదని రాశారట, పైవాళ్లు చూశారట. ఈ పాఠం మళ్లీ తీసి పంపమన్నారు, దాని మీద విద్యార్థులు ఏమంటారో చూసి తరగతి సంగతి తేలుస్తారు. బ్యాచ్ అయిపోయేది సరిగ్గా మృగశిర కార్తె ముంగిట్లో. నాకు భయం వేసింది. ఒక్క మాటకు స్టూడియో పోతుందా అనిపించింది.

ఆ ఆదివారం అన్నం పెడుతూ ఆయనకు అంతా చెప్పాను. ఎగతాళి చేస్తాడని ముందే కోపం తెచ్చుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన ముద్ద కలుపుతూ తల ఎత్తాడు.

"మబ్బంటే మబ్బే కదా. ఆ విజయవాడోళ్లకు అది కూడా తెలియదా?"

అత్తా నేనూ మొహామొహాలు చూసుకున్నాం. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆయనకు ఏం నవ్వో అర్థం కాక ఇంకో ముద్ద పెట్టమని అడిగాడు. తర్వాత మాత్రం మెల్లగా, రాయదుర్గంలో గది యజమానికి మాట ఇవ్వాల, ఇంకా మంచి గది చూపిస్తానన్నాడు అన్నాడు. ఆ మాటకు నవ్వు పోయింది. ఈ ఒక్క పాఠం అయ్యేదాకా ఆగమన్నాను. సరేనన్నాడు.

సోమవారం మబ్బుతోనే లేచాడు. కరెంటు లేదు. అత్త పొయ్యి ముందు కాఫీ కాస్తోంది. ఆయన సంచి భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ముఖానికి ఒక పక్క పొయ్యి మంట, ఇంకో పక్క వాకిలి లోంచి అప్పుడే మొదలవుతున్న బూడిద రంగు వెలుతురు. చప్పుడు లేని వెలుతురు అది. అంత మెత్తగా ఆయన ముఖాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఎంత అలిసిపోయి ఉన్నాడో కూడా కనబడింది. ఉండిపొమ్మని అనాలనిపించింది. నోరు తెరిచేలోపల, బస్సు పోతాదని వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక సీమవాళ్లు పంపిన నల్ల ఫోటోలు మళ్లీ చూశాను. ఈసారి ఓపిగ్గా చూశాను. అన్నీ నలుపు కాదు. కుందుర్పి అమ్మాయే ఇంకోటి కూడా పంపింది, నేను మొదట చూడనే లేదు. వాళ్లమ్మ నీళ్ల పొయ్యిలో కంప ఎగదోస్తూ ఉంది. మంట ఆమె చెంప మీద, మెడలో పూసల మీద పడుతోంది. చుట్టూ అంతా నలుపు. మంచి ఫోటో. ఈ పిల్లలు పాఠం అర్థం కాక తప్పు చేయలేదు. నేను అన్న మాటను అన్నట్టే చేశారు. అయితే రెండు మబ్బులూ నేర్పుదాం అనుకున్నాను. మాట మార్చి తప్పించుకోవడం కాదు, రెండూ చూపించి, దేనికి ఎలా తీయాలో చెబుదాం.

మొదటి మబ్బు మర్నాడే తీశాను. తక్కువ వెలుతురులో షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది కాబట్టి ఫోన్ కదలకూడదు, మనిషీ కదలకూడదు. అట్టపెట్టె స్టాండు మీద ఫోన్ పెట్టి, అత్తను పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. ఆమె మాట్లాడుతూనే ఉంది, ఫోటోలో మూతి చెరిగిపోతూనే ఉంది. ఆ చెరిగిపోయిన మూతిని వీడియోలో చూపించి, కదిలితే ఇలా అవుతుందని చెప్పాను. తర్వాత, అత్తా, కాసేపు మాట్లాడాకు అన్నాను. మా పెళ్లయిన నాటి నుంచి ఆమెతో ఆ మాట అనే అవకాశం రావడం అదే మొదటిసారి. ఆమె నిజంగానే మాట్లాడలేదు. ఫోటో చక్కగా వచ్చింది.

రెండో మబ్బు మాత్రం మన చేతుల్లో లేదు. మా ఊళ్లో మోడం కోసం కాచుకోని వాళ్లు ఎవరు? శెనక్కాయలు వేయాలని రైతులు కాచుకుంటారు, ఈసారి నేనూ చేరాను. మధ్యాహ్నం పడమర దిక్కున ఇంత తెల్లగా లేస్తుంది, ఆశ పెడుతుంది, కర్ణాటక వైపు వెళ్లిపోతుంది. నేను కుర్చీ సందులో వేసి, కెమెరా పట్టుకుని, తల ఎత్తి నిలబడేదాన్ని. అత్త రోజూ మధ్యాహ్నం నుంచే తల దువ్వుకుని సిద్ధంగా ఉండేది. ఆ దారిన పోయే ఒక పెద్దాయన, నీకెన్ని ఎకరాలుండాయమ్మా అని అడిగాడు. ఒక కుర్చీ అంత అన్నాను.

ఒక సాయంత్రం వచ్చింది. ముందు గాలి, తర్వాత దుమ్ము, ఆ వెనకే ఆకాశమంతా ఒకే రంగు. గోడల మీద నీడలు పోయాయి. వీధి అంతా బయటికొచ్చి పైకి చూస్తోంది. నేను ఎవురూ అడ్డం రావాకండి అని కేకలు పెడుతూ అత్తను కూర్చోబెట్టాను. వెండికాగితం అట్ట గాలికి ఎగిరిపోబోతే మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నది ఎటో పోయింది. నోటికొచ్చినట్టు చెప్పాను. దీన్ని మా వైపు మోడం అంటాం, మోడెమ్ కాదు. కోస్తాలో మబ్బు అంటారు. మేము మబ్బు అనేది తెల్లారకముందు చీకటిని, అది ఇందాక పొయ్యి దగ్గర చూశారు. ఇప్పుడు మా అత్త కళ్ల కింద చూడండి, బొగ్గు ఎక్కడైనా ఉందా? పక్కనుంచి ఎవరో లేదు అన్నారు, అది కూడా రికార్డయింది. మొదటి చినుకు అత్త ముక్కు మీద పడింది. లోపలికి పద అంటే లేవలేదు. ముఖం పైకెత్తి కళ్లు మూసుకుంది. కెమెరా మీద అట్ట కప్పుతూ ఆ ముఖాన్ని కూడా తీశాను. పాఠంలో చివరి బొమ్మ అదే. వాన నేల తడవగానే ఆగిపోయింది గాని, నాకు అంత చాలు.

పాఠం పంపాక రోజులు గడవలేదు. ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని, అన్నీ పాస్‌పోర్టు ఫోటోలే. మొదట కుందుర్పి అమ్మాయి నుంచి ఫోటో వచ్చింది. అదే వాకిలి, అదే అమ్మ, ఈసారి మోడం కింద. అమ్మ నవ్వుతోంది. ఇప్పుడు తిట్టలేదు మేడమ్ అని కింద రాసింది. శుక్రవారం విజయవాడ అమ్మాయి ఫోన్ చేసింది. ఎక్కువ మంది మెచ్చుకున్న పాఠం ఇదేనట, తరగతి నాకే ఉంచారట, వచ్చే బ్యాచ్ కూడా నాదేనట. మా ఆఫీసులో ఇప్పుడందరూ కిటికీ లోంచి చూసి మోడం పట్టింది అంటున్నారండీ అంది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. అత్త భయపడి ఏమైందని అడిగింది. చెబితే, దానికి ఏడుస్తారా అని తనూ కళ్లు తుడుచుకుంది.

ఆయనకు ఫోన్‌లో చెప్పలేదు. ఎదురుగా చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో, ముందు ఏం వండాలో అన్నీ అనుకున్నాను. ఆదివారం ఆయన ఎప్పటికన్నా ముందు బస్సుకు వచ్చేశాడు, చంకలో రెండు పెట్టెలు. నేరుగా స్టూడియోలోకి నడిచి చుట్టూ చూశాడు.

"ఇన్ని వారాలు తెచ్చినవి యాడ పెట్టినావు? సామాన్లు ఏసుకపోయే వ్యానాయన ఎన్ని పెట్టెలని అడుగుతాండాడు."

అత్త ఏదో పనున్నట్టు వెనక గదిలోకి వెళ్లింది. ఇక దాచేది లేదని మంచం కిందివి, తలుపు వెనకవి, అన్నీ బయటికి తీసి పరిచాను. నల్లవి, వెండివి, తెల్లవి, బొక్కలు పెట్టినవి. ఒక్కటీ పెట్టెగా లేదు.

"అన్నీ కోసేసినావా?"

"అన్నీ. తరగతి నాకే ఇచ్చినారు."

ఆయన చంకలోని పెట్టెలు కింద పెట్టాడు. స్టూలు మీద కూర్చున్నాడు. నా సంతోషం ఒక్కసారిగా తగ్గిపోయింది. ఈయనకు మళ్లీ అదే గది, అదే మెస్సు, సోమవారం అదే మబ్బు. ఆ సంగతి నేను మర్చిపోలేదు, పక్కన పెట్టాను, అంతే. అదే మాట పైకి అనబోయాను. ఆయన వంగి ఒక అట్ట చేతిలోకి తీసుకుని, దాని అంచు మీద వేలితో తడిమి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇట్ల కోస్తారా ఎవురన్నా? ఎలకలు కొరికినట్లుండాది."

లేచి, తను తెచ్చిన రెండు పెట్టెల తాడు విప్పాడు. బల్ల మీద ఒకటి పరిచి, చేత్తో సాపు చేసి, నా బల్ల సొరుగులోంచి స్కేలూ బ్లేడూ తీసుకున్నాడు. సుద్దముక్క ఉందా అని అడిగితే అత్త లోపలి నుంచే తెచ్చి ఇచ్చింది. గీత గీయబోతూ తల ఎత్తి నన్ను చూశాడు.

"కొలత ఎంత కావాల, చెప్పు."

చెప్పాను. గీత కదలకుండా స్కేలు అవతలి కొస పట్టుకున్నాను. ఆ రెండు అట్టలూ ఇప్పటికీ నా పాఠాల్లో కనిపిస్తాయి. అంచులు తిన్నగా ఉన్నవి అవి రెండే.